ఉప్పుగాలి ఊళ్లలో కర్ర కంటే ముందు మేకే పోతోంది.. బందరు, దివిసీమ, గుడివాడలో చెక్క పనికి ఏ మేకు, ఏ బోల్టు వాడాలి? పూర్తి వివరాలు

పందిరి, రేకుల షెడ్డు, చెరువు మీద చెక్క వంతెన, డాబా మీద పెర్గోలా.. ఏది కట్టినా ఇప్పుడు చాలామంది చెదలు పట్టని, పుచ్చని ట్రీటెడ్ కలప కావాలంటున్నారు. దానికి ఖర్చు కూడా బాగానే పెడుతున్నారు. తీరా ఆ కలపను బిగించే మేకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం హార్డ్‌వేర్ షాపులో ఏది చవకగా దొరికితే అదే తెస్తున్నారు. రెండు, మూడు వానాకాలాలు గడిచాక చూస్తే కర్ర చెక్కుచెదరదు, మేకు మాత్రం పొడిపొడిగా రాలుతుంది. కృష్ణా డెల్టా చివరి ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఎందుకిలా? ఏ ఊళ్లో ఏ మేకు వాడాలి? షాపులో అసలుదేదో ఎలా గుర్తుపట్టాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

మేకు పోతే ఏమవుతుంది?

ఇది అందం కోసం చెప్పే మాట కాదు. తుపాను గాలి రేకును పైకి లాగుతుంది. ఆ లాగుడును ఆపేది రేకూ కాదు, వాసమూ కాదు.. రెండింటినీ కలిపి పట్టుకున్న జె-బోల్టు, స్క్రూ లేదా మేకు. అది లోపల సన్నబడి ఉంటే మొదటి పెద్ద గాలికే రేకు లేచిపోతుంది. లేచిన రేకు పక్కింటి మీద పడితే ప్రాణాలకే ముప్పు.

ఈ ప్రాంతానికి తుపాను కొత్త కాదు. 1864 నవంబర్‌లో వచ్చిన తుపాను, ఉప్పెన మచిలీపట్నంలో సుమారు 30 వేల మందిని బలితీసుకున్నాయి. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి 10 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కట్టడాల మీద గాలి బరువును లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం కోస్తాంధ్రను సెకనుకు 50 మీటర్ల గాలి ఉండే జోన్‌లో పెట్టింది. అంటే గంటకు 180 కిలోమీటర్లు.

చిన్న లెక్క చూడండి. 10 గేజ్ మేకు మందం సుమారు 3.25 మిల్లీమీటర్లు. తుప్పు చుట్టూ అర మిల్లీమీటరు తినేస్తే మిగిలేది 2.25 మిల్లీమీటర్లే. చూడటానికి పెద్ద తేడా అనిపించదు. కానీ ఇనుము అడ్డుకొలత లెక్కన చూస్తే సగానికి పైగా పోయినట్టే. పైగా తుప్పు పట్టిన మేకు చుట్టూ కర్ర కూడా మెత్తబడి పట్టు వదిలేస్తుంది. బయటికి కనిపించే తల బాగానే ఉంటుంది, లోపల కాడ పోయి ఉంటుంది. అసలు ప్రమాదం అదే.

ఇక్కడే ఇంత త్వరగా తుప్పు ఎందుకు?

కారణాలు మూడు.

మొదటిది ఉప్పుగాలి. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరను సముద్రపు గాలి ఊళ్లలోకి మోసుకొస్తుంది. ఆ ఉప్పు మేకు మీద పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన లేకపోయినా మేకు తడిగానే ఉంటుంది. చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. వాన తగిలే చోట ఉప్పు కడిగినట్టు పోతుంది. చూరు కింద, రేకు అడుగున వాన తగలదు కాబట్టి ఉప్పు అలాగే ఉండిపోతుంది. అందుకే పై మేకు కంటే చూరు కింది మేకే ముందు తుప్పు పడుతుంది.

రెండోది కలపకు పట్టించిన మందు. ట్రీటెడ్ కలపలో ఎక్కువగా వాడేవి రాగి కలిసిన మందులు. మన దేశంలో సీసీఏ, సీసీబీ రకాలు ఎక్కువ. సీసీఏ అంటే రాగి, క్రోమియం, ఆర్సెనిక్. సీసీబీలో ఆర్సెనిక్ బదులు బోరాన్ ఉంటుంది. విదేశాల్లో ఏసీక్యూ, కాపర్ అజోల్ వాడకం పెరిగింది. కర్ర తడిసినప్పుడు అందులోని రాగి కదిలి ఇనుము మీద, జింక్ మీద చేరుతుంది. రాగి, ఇనుము, తడి.. ఈ మూడూ కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. ఆ బ్యాటరీలో కరిగిపోయేది మేకే. కలపలో తేమ 18 నుంచి 20 శాతం దాటితే ఇది వేగం అందుకుంటుంది. డెల్టాలో ఆరుబయట ఉన్న కర్ర వానాకాలంలో ఆ హద్దు దాటడం మామూలే.

అమెరికాలో ఇళ్ల పనికి వాడే కలపలో సీసీఏను 2003 చివరితో ఆపేశారు. దాని స్థానంలో వచ్చిన ఏసీక్యూలో రాగి ఎక్కువ, తుప్పును కొంత అదుపు చేసే క్రోమియం లేదు. దాంతో పాత మేకులు కొత్త కలపలో త్వరగా దెబ్బతినడం బయటపడింది. మందు మారితే మేకు కూడా మార్చాలన్న పాఠం అక్కడి నుంచి వచ్చిందే.

మూడోది చెరువులు. గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువులు, బందరు, దివిసీమ వైపు రొయ్యల చెరువులు ఉన్నాయి. ఉప్పునీటి చెరువులో ఏరియేటర్ తిరిగితే తుంపర గాలిలోకి లేస్తుంది. ఆ గట్టు మీద ఉన్న షెడ్డుకు సముద్రం పక్కనే ఉన్నట్టు లెక్క. పైగా చెరువు శుభ్రం చేయడానికి వాడే బ్లీచింగ్ పౌడర్ నుంచి వచ్చే క్లోరిన్ జింక్ పూతనే కాదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌ను కూడా తింటుంది. కాబట్టి మేకుల పెట్టెను, బ్లీచింగ్ బస్తాను ఒకే గదిలో పెట్టకండి.

పూత మందమే ప్రాణం.. చిలకలపూడి నగ చెప్పే పాఠం

బందరు వాళ్లకు పూత గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు ఊరూరా తెలిసినవే. పైన పూత ఎంత మందంగా ఉంటే నగ అన్నాళ్లు మెరుస్తుంది, పూత అరిగిందా లోపలి లోహం బయటపడుతుంది. మేకుల మీద జింక్ పూత కథ కూడా ఇంతే. ఒక్క తేడా ఏంటంటే, జింక్ ఊరికే కప్పి ఉంచదు. ఇనుము కంటే ముందు తానే కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. చిన్న గీత పడినా పక్కనున్న జింక్ కాపలా కాస్తుంది. అయితే జింక్ అయిపోయిన రోజున ఆ కాపలా కూడా అయిపోతుంది.

పూత మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్.

- తళతళ మెరిసే మామూలు జింక్ ప్లేటింగ్ స్క్రూ: సుమారు 5 నుంచి 12 మైక్రాన్లు
- కరిగిన జింక్‌లో ముంచి తీసిన హాట్ డిప్ రకం: మేకులు, బోల్టులకు సుమారు 40 నుంచి 60 మైక్రాన్లు, మందపాటి ప్లేట్లకు ఇంకా ఎక్కువ

ఇప్పుడు దీన్ని ఏళ్లలోకి మార్చి చూద్దాం. గాలి ఎంత తుప్పు పట్టిస్తుందో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223 ప్రకారం, ఉప్పుగాలి ఎక్కువగా ఉండే తీరాల్లాంటి సి-5 తరగతిలో ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్ల జింక్ పోతుంది. మధ్యస్థమైన సి-3 తరగతిలో పోయేది 0.7 నుంచి 2.1 మైక్రాన్లే.

- తీరంలో 5 మైక్రాన్ల పూత: ఏడాది అటూ ఇటూ
- తీరంలో 50 మైక్రాన్ల పూత: సుమారు 6 నుంచి 12 ఏళ్లు
- లోపలి ఊళ్లో 5 మైక్రాన్ల పూత: సుమారు రెండున్నర నుంచి 7 ఏళ్లు
- లోపలి ఊళ్లో 50 మైక్రాన్ల పూత: 24 ఏళ్లకు పైనే

ఇది గాలిలో ఉన్న పూతకు వేసిన లెక్క. రాగి మందు పట్టించిన తడి కర్రలో దిగిన మేకుకు ఆయుష్షు ఇంకా తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి. 20 ఏళ్లు ఉండాల్సిన కర్రకు ఏడాది ఉండే పూత వేసిన స్క్రూ బిగించడం ఎంత దండగో ఈ లెక్కే చెబుతోంది.

షాపులో దొరికేవి ఏంటి? దేనికి ఏది?

నల్ల స్క్రూలు: జిప్సం బోర్డుల కోసం చేసినవి. వడ్రంగులు చేతివాటంగా అన్నిటికీ వాడేస్తుంటారు. పూత పేరుకే, పైగా పెళుసు. పక్కకు బరువు పడితే పుటుక్కున విరుగుతాయి. ఆరుబయట అస్సలు వద్దు.

మెరిసే తెల్ల, పసుపు స్క్రూలు: ఇవి జింక్ ప్లేటింగ్ రకం. పసుపు రంగు చూసి మందపాటి పూత అనుకోవద్దు. ఇంటి లోపల అల్మరాలకు, తలుపులకు సరే. ట్రీటెడ్ కలపకు, బయటి పనికి పనికిరావు.

హాట్ డిప్ జీఐ: మెరుపు ఉండదు. మసక బూడిద రంగు, చేత్తో తాకితే కాస్త గరుకు. ట్రీటెడ్ కలపకు కనీసం ఇదే ఉండాలి. బోల్టుల హాట్ డిప్ పూతకు ఐఎస్ 1367 పదమూడో భాగం, స్టీలు ప్లేట్లు, యాంగిల్స్ పూతకు ఐఎస్ 4759 ప్రమాణాలు ఉన్నాయి.

ఎస్ఎస్ 304: సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్. రాగి మందుకు తట్టుకుంటుంది. కానీ సముద్రం పక్కన టీ మరకల్లాంటి గోధుమ రంగు మచ్చలు వస్తాయి. కొన్నాళ్లకు చిన్న చిన్న గుంటలు పడతాయి.

ఎస్ఎస్ 316: ఇందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కూడా ఉంటుంది. ఉప్పును తట్టుకునే శక్తి దాని వల్లే. ధర ఎక్కువే. తీరంలో, ఉప్పుటేరు ఒడ్డున ఇదే నమ్మకం.

ఇత్తడి, అల్యూమినియం: ఇత్తడి స్క్రూ మెత్తన, అలంకారానికి తప్ప బరువు మోయడానికి కాదు. అల్యూమినియం మేకులను రాగి మందు ఉన్న కలపలో కొట్టకూడదు, త్వరగా గుల్లబారుతాయి.

ఏ ఊళ్లో ఏది వాడాలి?

ఇది ప్రభుత్వం గీసిన మ్యాపు కాదు. గాలి, ఉప్పు, నీటి దూరాన్ని బట్టి వేసుకునే మోటు లెక్క.

*సముద్రం, ఉప్పుటేరు పక్కన:* గిలకలదిండి, మంగినపూడి, హంసలదీవి, ఎదురుమొండి, నాగాయలంకలో ఏటి ఒడ్డు. ఇక్కడ స్క్రూలు, చిన్న బోల్టులు ఎస్ఎస్ 316 అయితేనే మంచిది. పెద్ద బోల్టులు, ప్లేట్లు 316లో కొనలేకపోతే హాట్ డిప్ వాడొచ్చు. కానీ ఏటా చూసుకుంటూ, పూత పోగానే మార్చుకునేలా బయటికి కనిపించే చోట పెట్టించండి.

*తీరానికి కాస్త లోపల:* మచిలీపట్నం టౌన్, కోడూరు, అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి వైపు. కనీసం హాట్ డిప్. పెర్గోలా, మెట్ల రెయిలింగ్ లాంటి పనులకు ఎస్ఎస్ 304. తల మీద బరువు వేలాడే చోట, మళ్లీ విప్పడం కుదరని చోట మాత్రం 316కే వెళ్లండి.

*లోపలి ఊళ్లు:* గుడివాడ చుట్టుపక్కల. సముద్రం ఇక్కడికి 30 కిలోమీటర్లకు పైనే. అన్నేసి కిలోమీటర్లు దాటేసరికి గాలిలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. మంచి హాట్ డిప్ సరిపోతుంది. 316కు డబ్బు పోయాల్సిన పనిలేదు. అయితే ఉప్పునీటి చెరువు గట్టు మీద కడుతుంటే మాత్రం గుడివాడలో ఉన్నా తీరం లెక్కే వర్తిస్తుంది.

*రోజంతా నీటిలో మునిగి ఉండే చోట:* చెరువులోకి వేసిన చెక్క వంతెన గుంజలు, రేవు బల్లలు. ఎస్ఎస్ 316 కంటే తక్కువ వద్దు. అది కూడా శాశ్వతం కాదు. గాలి ఆడని ఇరుకుల్లో, వాషరు కింద ఉప్పునీరు నిలిస్తే 316కు కూడా గుంటలు పడతాయి. ఏటా ఒకటి రెండు విప్పి చూడాల్సిందే.

జీఐ అంటే అన్నీ ఒకటి కాదు.. షాపులో ఇలా అడగండి

చాలామంది మోసపోయేది ఇక్కడే. హార్డ్‌వేర్ షాపుల్లో జింక్ ప్లేటింగ్‌ను కూడా జీఐ అనే అంటారు. అందుకే ఉత్త జీఐ అని అడగొద్దు. "హాట్ డిప్ జీఐ కావాలండీ, మెరిసే ప్లేటింగ్ రకం వద్దు" అని విడమరిచి చెప్పండి. పూత ఎన్ని మైక్రాన్లో పెట్టె మీద ఉందేమో చూడండి. పెద్ద పని అయితే పరీక్ష సర్టిఫికెట్ అడగండి.

హాట్ డిప్ బోల్టుకు దాని జత నట్టే తీసుకోవాలి. పూత మందం వల్ల మర లావవుతుంది కాబట్టి దీని నట్టును కాస్త వదులుగా మర తీసి చేస్తారు. మామూలు నట్టు ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే మర మీది పూత లేచిపోతుంది.

ఎస్ఎస్ అని రాసి ఉంటే కూడా సరిపోదు. మార్కెట్లో 200 సిరీస్ స్టెయిన్‌లెస్ విరివిగా ఉంది. నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ. కొత్తలో 304 లాగే మెరుస్తుంది, ఉప్పుగాలి తగిలాక అసలు రంగు బయటపడుతుంది. రేకులకు వాడే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూల్లో 410 అనే రకం ఉంటుంది. అది గట్టిదే కానీ సముద్రం దగ్గర త్వరగా తుప్పు పడుతుంది.

అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందా? పూర్తిగా తెలియదు. గట్టిగా అంటుకుంటే 410 లాంటి రకమో, మామూలు ఇనుమో అనుకోవచ్చు. కానీ 200 సిరీస్ కూడా 304 లాగే అంటుకోకపోవచ్చు. అసలైన 304 స్క్రూ కూడా తయారీలో నొక్కుడు వల్ల కొద్దిగా అంటుకోవచ్చు. కాబట్టి గుర్తు చూడండి. బోల్టు తల మీద ఏ2-70 అని ఉంటే 304 వర్గం, ఏ4-70 లేదా ఏ4-80 అని ఉంటే 316 వర్గం. 316 అవునో కాదో తేల్చడానికి మాలిబ్డినం పరీక్ష చుక్కల మందు కూడా దొరుకుతుంది. పాత స్టీలు కొనేవాళ్లు వాడేది అదే.

రెండు లోహాలు కలిపితే ముప్పే

ప్లేటు ఒక రకం, మేకు ఇంకో రకం పెట్టొద్దు. హాట్ డిప్ ప్లేటుకు హాట్ డిప్ మేకు, ఎస్ఎస్ ప్లేటుకు ఎస్ఎస్ స్క్రూ. పెద్ద ఎస్ఎస్ ప్లేటుకు చిన్న జీఐ మేకు కొడితే మేకు మీది జింక్ చూస్తుండగానే పోతుంది. ఎందుకంటే పెద్ద లోహం చిన్నదాన్ని తినేస్తుంది. ఎస్ఎస్ బోల్టుకు జీఐ వాషరు వేయడం కూడా ఇలాంటి పనే.

రేకుల సంగతి కూడా ఇదే. జింక్, అల్యూమినియం పూత ఉన్న రేకును రాగి మందు పట్టించిన వాసం మీద నేరుగా పరిస్తే ఆనిన చోట రేకు తినేస్తుంది. మధ్యలో బిటుమెన్ టేపు గానీ, మందపాటి ప్లాస్టిక్ పట్టీ గానీ వేయండి. కర్ర మీద నుంచి కారిన నీరు రేకు మీద పడకుండా వాలు చూసుకోండి.

బిగించేటప్పుడు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

- ఎస్ఎస్ స్క్రూ కాస్త మెత్తన. తుమ్మ, టేకు లాంటి గట్టి కర్రలో నేరుగా దింపితే మెడ విరుగుతుంది. ముందు డ్రిల్‌తో సన్న రంధ్రం వేయండి.
- ఎస్ఎస్ నట్టును మెషిన్‌తో గబగబా తిప్పితే పట్టేస్తుంది. ఇక కోయడమే గతి. మరకు కాస్త గ్రీజు రాసి, చేత్తో నిదానంగా బిగించండి.
- ట్రీటెడ్ కలపను కోసినా, రంధ్రం వేసినా లోపల మందు అందని భాగం బయటపడుతుంది. కోసిన చోటల్లా మళ్లీ మందు పూయించండి.
- హాట్ డిప్ బోల్టును పొడవు ఎక్కువైందని కోస్తే కోసిన చోట పూత ఉండదు. అక్కడ జింక్ ఎక్కువగా ఉండే పెయింటు రెండు పూతలు వేయండి.
- మందు పట్టించి తెచ్చిన తడి కర్రకు వెంటనే మేకులు కొట్టొద్దు. నీడలో ఆరనివ్వండి.
- నీరు నిలవకుండా చూడండి. గుంజ పైకొనను ఏటవాలుగా కోయించినా, పలకల మధ్య సందు వదిలినా కర్ర త్వరగా ఆరుతుంది, మేకు ఎక్కువ కాలం ఉంటుంది.
- రేకులను మేకులతో కాకుండా బోల్టులతో బిగించండి. గాలి ఎక్కువగా లాగేది అంచులను, మూలలను. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. చిన్న ఇళ్లు తుపానుకు తట్టుకునేలా కట్టే పద్ధతుల మీద ఐఎస్ 15498 అనే ప్రమాణం ఉంది. ఇంజినీరును అడిగితే చెబుతారు.

ట్రీటెడ్ కలపతో ఆరోగ్యం జాగ్రత్త

సీసీఏ మందులో ఆర్సెనిక్ ఉంటుంది. అది విషం. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, పొట్టును ఊడ్చి దూరంగా పారేయండి. మిగిలిన ముక్కలను పొయ్యిలో గానీ, భోగి మంటల్లో గానీ వేయొద్దు. పొగలో, బూడిదలో ఆర్సెనిక్ ఉంటుంది. ఎండు చేపలు ఆరబెట్టే బల్లలకు, పశువుల గాబులకు, తాగునీటి తొట్టెలకు ఈ కలప వాడొద్దు. చేపలు ఆరబెట్టే బల్లకు మందు లేని గట్టి కర్ర, ఎస్ఎస్ 316 స్క్రూలు మంచివి. అక్కడ ఉప్పు నేరుగా మేకు మీదే పడుతుంది కదా!

కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే ట్రీటెడ్ కలప అయిపోదు. మందు కర్ర లోపలికి దిగదు, పైగా చెరువు దగ్గర వాడితే ఆ నూనె నీటిలోకి చేరుతుంది.

ఖర్చు ఎక్కువ కదా?

అవును, ఎక్కువే. కానీ లెక్క మొత్తం పని మీద వేయాలి. ఉదాహరణకు ఒక పందిరికి కలప, రేకులు, కూలీ కలిపి లక్ష రూపాయలు అవుతుందనుకుందాం. మామూలు స్క్రూలకు రెండు వేలు, మంచి రకానికి ఎనిమిది వేలు అనుకున్నా పెరిగేది ఆరు వేలు. మూడేళ్లకే రేకులు విప్పి, తుప్పు పట్టిన స్క్రూలను పీకి, పాడైన వాసాలు మార్చి, మళ్లీ కూలీ ఇస్తే అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. డబ్బు పరిమితంగా ఉంటే అన్నిచోట్లా ఒకే రకం కొనక్కర్లేదు. మనుషుల తల మీద ఉండే భాగానికి, గాలి లాగే అంచులకు, మళ్లీ విప్పలేని కీళ్లకు ముందు మంచివి కొనండి. అడుగున కనిపించే, సులువుగా మార్చుకునే చోట హాట్ డిప్‌తో సరిపెట్టుకోండి.

తరచూ అడిగే ప్రశ్నలు

కర్రకు ఏ మందు పట్టించారో ఎలా తెలుస్తుంది?
అమ్మినవాళ్లనే అడగాలి. బిల్లు మీద మందు పేరు రాయించుకోండి. కలపకు మందు పట్టించే పద్ధతులకు ఐఎస్ 401 ప్రమాణం ఉంది. లేత ఆకుపచ్చ రంగు ఉంటే రాగి మందు అయ్యే అవకాశం ఎక్కువ. బోరాక్స్ మందులో రాగి ఉండదు, మేకుకు పెద్దగా హాని లేదు. కానీ వానకు కడుక్కుపోతుంది కాబట్టి ఆరుబయటి పనికి అది సరిపోదు.

మందు పట్టించని సరుగుడు, తాటి, తుమ్మ కర్రలకు మామూలు మేకు చాలదా?
రాగి సమస్య ఉండదు, ఉప్పు సమస్య అలాగే ఉంటుంది. తుమ్మ లాంటి టానిన్ ఉన్న కర్రలో ఇనుప మేకు చుట్టూ నల్ల మరక వస్తుంది. అది ఇనుము కరుగుతోందనడానికి గుర్తు. ఆరుబయట అయితే హాట్ డిప్ వాడటమే మేలు.

మామూలు మేకు కొట్టి పైన పెయింటు వేస్తే?
పెయింటు తలకే అందుతుంది. కర్రలో దిగిన కాడకు అందదు. తుప్పు మొదలయ్యేది అక్కడే.

ఇప్పటికే కట్టేసిన షెడ్డు సంగతేంటి?
అంతా విప్పక్కర్లేదు. చూరు కింద, తడి ఎక్కువ తగిలే మూలలో ఒకటి రెండు మేకులు పీకి కాడ చూడండి. సన్నబడి ఉంటే ఆ వరుస మొత్తం అనుమానించాల్సిందే. స్క్రూ ఊరికే తిరుగుతుంటే పట్టు పోయినట్టు. పాత రంధ్రంలోనే కొత్తది పెట్టకుండా పక్కన కొత్త రంధ్రం వేసి బిగించండి.

ఎప్పుడు చూసుకోవాలి?
ఏడాదికి రెండుసార్లు. వానలు మొదలవకముందు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఉండే తుపాన్ల కాలానికి ముందు సెప్టెంబర్‌లో ఇంకోసారి. అదే రోజు చూరు కింది బోల్టులను మంచినీళ్లతో కడిగితే పేరుకున్న ఉప్పు పోతుంది. తుపాను హెచ్చరిక వచ్చాక మాత్రం పైకప్పు ఎక్కొద్దు. అప్పుడు చేయాల్సింది మరమ్మతు కాదు, అధికారులు చెప్పిన సురక్షిత కేంద్రానికి వెళ్లడమే.

కొనేముందు ఒక్క నిమిషం

- కట్టే చోటికి సముద్రం, ఉప్పుటేరు, ఉప్పునీటి చెరువు ఎంత దూరం?
- కర్రలో ఉన్నది రాగి మందేనా?
- మెరిసే ప్లేటింగా, మసక హాట్ డిప్పా?
- ఎస్ఎస్ అయితే తల మీద ఏ2నా, ఏ4నా?
- మేకు, ప్లేటు, వాషరు, నట్టు అన్నీ ఒకే లోహమా?

ఈ ఐదింటికీ జవాబు తెలిశాకే బిల్లు కట్టండి.